ఎముకకు తెలిసిన వయసు

“నిందితుడి వయసు తేల్చేందుకు ఎముకల పరీక్షకు ఆదేశం” అన్న వార్త పేపర్లో చదివినప్పుడల్లా చాలామందికి ఒకే ప్రశ్న వస్తుంది. బడి సర్టిఫికెట్‌లో తేదీ తప్పు పడొచ్చు. పంచాయతీ రిజిస్టరును చెదలు తినొచ్చు. కన్నవాళ్లు మరిచిపోవచ్చు, అవసరాన్ని బట్టి రెండేళ్లు కలిపో తీసేసో చెప్పొచ్చు. ఎముక మాత్రం ఎవరి మాటా వినదు, అబద్ధం ఆడదు. అలాంటప్పుడు మొదటే ఒక ఎక్స్‌రే తీసి తేల్చేస్తే పోయేదానికి ఈ కాగితాల వేట ఎందుకు?

ప్రశ్న చిన్నదే గాని దాని మీద ఆధారపడినవి చిన్నవి కావు. నేరం మోపబడిన కుర్రాడు బాలల న్యాయ మండలి ముందుకు వెళ్లాలా, మామూలు కోర్టుకు వెళ్లాలా అన్నది 18 ఏళ్లు నిండాయా లేదా అన్నదాని మీద ఉంటుంది. ఒక అమ్మాయి విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందా అన్నదీ అంతే. ఆమెకు ముహూర్తం పెట్టిన పెళ్లిని అధికారులు వచ్చి ఆపాలా అన్నదీ అంతే. ఇంత బరువు మోసే ఈ గీత దగ్గర చట్టం ఎముకను నమ్ముకోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరుస పెట్టింది: ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ, పంచాయతీల జనన ధ్రువపత్రం, ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష లేదా మరో తాజా వైద్య పరీక్ష. బడిలో వేసేటప్పుడు మాస్టారు రాసుకున్న తేదీ ఎంత నమ్మదగినదో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక తరం వారి సర్టిఫికెట్లు తిరగేస్తే ఊరు ఊరంతా జూన్ 1నో జూలై 1నో పుట్టిందేమో అనిపిస్తుంది. అలాంటి కాగితానికి ముందు పీట వేసి, ఒంట్లోని సాక్ష్యాన్ని ఆఖరి బంతిలో కూర్చోబెట్టడం విడ్డూరంగానే కనిపిస్తుంది.

అయినా ఆ వరుస సబబైనదే. కాగితం గొప్పదై కాదు. కాగితం తప్పుగా చెప్పినా అది చెప్పేది పుట్టిన తేదీ గురించే. ఎముక నిజమే చెప్పినా అది చెప్పేది తేదీ గురించి కాదు. మనం అడిగినదానికి చాలా దగ్గరగా ఉండే మరో ప్రశ్నకు అది జవాబిస్తుంది. ఆ తేడా ఎక్కడుందో పట్టుకోవాలంటే ఎముక ఎలా తయారవుతుందో ముందు చూడాలి.

మృదులాస్థి నుంచి ఎముక దాకా

పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డలో విడివిడి ముక్కలుగా లెక్కపెడితే 270 నుంచి 300 దాకా తేలతాయి. మిగతావి ఎటూ పోలేదు, ఒకదానితో ఒకటి అతుక్కున్నాయి. మన ఎముకల్లో ఎక్కువ భాగం మొదట మృదులాస్థిగా, అంటే చెవి డొప్పలో చేతికి తగిలే మెత్తని పదార్థం వంటిదిగా ఏర్పడతాయి. ఆ మెత్తని ఆకారంలో అక్కడక్కడా సున్నపు లవణాలు చేరి గట్టిపడటం మొదలవుతుంది. అలా మొదలయ్యే చోటును ఎముక కేంద్రం అనుకుందాం. పొడవాటి ఎముకల్లో నడిమి కాడకు ఒక కేంద్రం పుట్టుకకు ముందే వస్తుంది. చివరలకు వేరే కేంద్రాలు చాలావరకు పుట్టిన తర్వాత, ఒక్కొక్కటీ తన వంతు వచ్చినప్పుడు వస్తాయి. కాడకూ చివరకూ మధ్య సన్నని మృదులాస్థి పొర మిగిలి ఉంటుంది. పిల్లలు పొడవు పెరిగేది ఆ పొర దగ్గరే. వైద్యులు గ్రోత్ ప్లేట్ అనే దాన్ని ఇక్కడ ఎదుగు పొర అని పిలుచుకుందాం.

ఎక్స్‌రే ఈ వ్యవహారంలో అంత ఉపయోగపడటానికి కారణం, మృదులాస్థి దాని కంటికి ఆనకపోవడం. అప్పుడే పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అక్కడ ఉండాల్సిన ఎనిమిది చిన్న ఎముకల్లో మామూలుగా ఒక్కటీ కనబడదు, ఖాళీ జాగా కనబడుతుంది. కొద్ది నెలల్లో రెండు చుక్కలు తేలతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్కొక్కటే వస్తూ, బఠాణీ గింజంత ఉండే ఆఖరి ఎముక 9 నుంచి 12 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. తొడ ఎముక కింది చివర, మోకాలి దగ్గర, ఒక కేంద్రం సరిగ్గా నెలలు నిండే వేళకు వస్తుంది. పారేసిన పసిగుడ్డు శవం దొరికినప్పుడు నెలలు నిండి పుట్టిన బిడ్డా కాదా అని తేల్చడానికి న్యాయవైద్యులు ఎక్స్‌రే పుట్టక ముందు నుంచీ ఆ కీలునే కోసి చూసేవారు. ఇది ఈ శాస్త్రంలో అతి గట్టి చోటు. గర్భంలోని బిడ్డ ఎదుగుదలకు గడువు బిగుతుగా ఉంటుంది కాబట్టి తేడా వారాల్లోనే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ బిగువు సడలుతుంది. మనకు కావలసిన 18 ఏళ్ల గీత దగ్గరికి వచ్చేసరికి బాగా సడలిపోయి ఉంటుంది.

పదేళ్లు దాటాక కథ తిరగబడుతుంది. కొత్త చుక్కలు రావడం తగ్గి, ఉన్న ముక్కలు అతుక్కోవడం మొదలవుతుంది. మోచేయి దగ్గరి ముక్కలు ముందు కలుస్తాయి, ఆడపిల్లల్లో 14 దరిదాపుల్లో, మగపిల్లల్లో 16 దరిదాపుల్లో. మణికట్టు దగ్గరిది మరో రెండు మూడేళ్లకు. తుంటి ఎముక పైఅంచు ఇంకొంచెం ఆలస్యంగా. అన్నిటికన్నా చివర జత్రుక, అంటే భుజానికీ రొమ్ము ఎముకకూ మధ్య అడ్డంగా ఉండే కాలర్ బోన్. కడుపులో ఐదారు వారాల పిండంగా ఉన్నప్పుడే అన్నిటికన్నా ముందు గట్టిపడటం మొదలుపెట్టేది ఆ ఎముకే. రొమ్ము వైపు చివర అతుక్కుని పని ముగించేది మాత్రం ఇరవైలలో, కొందరికి 30 దగ్గర పడ్డాక.

ఎదుగు పొరను మూసేసేది ఏమిటి? కేలండరు కాదు. 1994లో వైద్య పత్రికల్లో వచ్చిన ఒక కేసు దీన్ని తేటతెల్లం చేసింది. ఆ కేసులోని మనిషికి 28 ఏళ్లు, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకలు చూస్తే 15 ఏళ్ల కుర్రాడివి. వెతగ్గా తేలింది ఏమిటంటే, ఈస్ట్రోజన్ అనే హార్మోనును అందుకునే గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు అతనిలో పనిచేయడం లేదు. ఆడవారి హార్మోనుగా మనం చెప్పుకునే ఈస్ట్రోజనే మగవారిలోనూ ఎదుగు పొరను మూసేస్తుందని అప్పుడు స్థిరపడింది. ఆ సందేశం అందని ఎముకకు 28 ఏళ్లు గడిచినట్టే తెలియలేదు. ఆ కేసు అత్యంత అరుదు, నిజమే. కానీ మామూలు పిల్లల్లో ఈడేరడం ఒకరికి పదో ఏటా మరొకరికి పద్నాలుగో ఏటా మొదలవ్వడం అరుదేమీ కాదు. ఎముక ఆ ఈడు వెంటే నడుస్తుంది, కేలండరు వెంట కాదు.

పొలం చూసి నాటిన రోజు చెప్పడం

అనుభవం ఉన్న రైతు రోడ్డు మీద నుంచే వరి చేను చూసి పొట్టకొచ్చిందనో, పాలు పోసుకుంటోందనో చెప్పేస్తాడు. అందులో తప్పు పోడు. ఎప్పుడు నారు పోశారో చెప్పమంటే మాత్రం ఆగి, ఏ రకమో అడుగుతాడు. ఎంటీయూ 1010 అయితే 120 రోజుల పంట, సాంబ మసూరి అయితే 145 రోజులు దాటుతుంది. నీళ్లు సమయానికి అందాయా, చలికి నారు బిగుసుకుందా అనీ అడుగుతాడు. ఇవేవీ తెలియకుండా పొట్ట దశ చూసి తేదీ చెప్పినవాడిని రైతుగా లెక్కలోకి తీసుకోరు. రేడియాలజిస్టు ఎక్స్‌రేలో చూసేదీ దశే. “మణికట్టు పూర్తిగా అతుక్కుంది, తుంటి అంచు ఇంకా అతుక్కోలేదు” అన్నది పరిశీలన. “వయసు 17 నుంచి 18” అన్నది అనుమానం, శాస్త్రార్థంలో, అంటే చూసినదాన్ని బట్టి చేసే ఊహ. పరిశీలనకూ అనుమానానికీ మధ్య ఒక వంతెన కావాలి. ఆ వంతెన ఇతర పిల్లల సమాచారంతో కట్టినది.

ఆ పిల్లలెవరో చూద్దాం. రాంట్‌జన్ ఎక్స్‌రే కిరణాలు కనుగొన్నది 1895లో. మూడేళ్లకే, 1898లో, జాన్ పోలండ్ అనే లండన్ వైద్యుడు పిల్లల చేతి ఎముకల చిత్రాలతో ఒక పుస్తకం అచ్చేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా ఎక్కువగా వాడే పటాల పుస్తకం మాత్రం గ్రూలిక్, పైల్ అనే ఇద్దరు 1950లో తెచ్చి 1959లో సవరించినది. అందులోని చేతులన్నీ అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర పిల్లలవి. వాళ్లు బాగా తిని, బాగా బతికిన తెల్లవారి కుటుంబాల పిల్లలు, ఎక్స్‌రేలు తీసింది ఎక్కువగా 1930లలో. అసలు ఆ పుస్తకం ఉద్దేశం నేరస్థుల వయసు తేల్చడం కానే కాదు. వయసు ముందే తెలిసిన పిల్లవాడి ఎదుగుదల సరిగ్గా ఉందా లేదా అని పిల్లల డాక్టరు చూసుకోవడానికి చేసినది. అంటే డాక్టరు వయసు తెలుసుకుని ఎదుగుదలను అంచనా కడతాడు. కోర్టు అదే పుస్తకాన్ని తిరగేసి పట్టుకుని, ఎదుగుదలను బట్టి వయసు అడుగుతుంది.

అయితే మన పిల్లలకు మన పటం చేసుకుంటే సరిపోదా అని ఎవరైనా అనవచ్చు. ఆ ప్రయత్నాలు పాతవే. 1937లోనే గాల్‌స్టన్ అనే పరిశోధకుడు భారతీయుల ఎముకల మీద చేసిన అధ్యయనం అచ్చయింది, మన న్యాయవైద్య పాఠ్యపుస్తకాల్లోని పట్టికలకు అది చాలాకాలం ఆధారంగా నిలిచింది. కానీ రెండు చిక్కులున్నాయి. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఎముక వేగాన్ని మార్చేది జాతి కన్నా ఎక్కువగా తిండీ ఆర్థిక స్థితీ. హైదరాబాద్‌లో కార్పొరేట్ బడికి వెళ్లే పిల్లవాడూ, వలస కూలీల గుడిసెలో పెరిగిన పిల్లవాడూ ఇద్దరూ భారతీయులే, ఒకే పటం ఇద్దరికీ అతకదు. అర్ధాకలి ఎముకను ఆలస్యం చేస్తుంది కాబట్టి 19 ఏళ్ల పేద కుర్రాడు ఎక్స్‌రేలో 17 ఏళ్లవాడిగా కనిపించే అవకాశం ఉంది. థైరాయిడ్ లోపం కూడా ఆలస్యం చేస్తుంది, ఈడు ముందుగా రావడం తొందరపెడుతుంది. రెండో చిక్కు ఇంకా మౌలికమైనది. ఎంత మంచి స్థానిక పటమైనా సగటును సరిచేస్తుంది గాని, ఆ సగటు చుట్టూ ఉన్న వ్యాప్తిని పెద్దగా తగ్గించదు. ఒకే ఊళ్లో, ఒకే తిండి తిన్న పిల్లల మధ్య కూడా ఆ వ్యాప్తి ఉంటుంది.

రెండేళ్లు అటూ ఇటూ

ఆ వ్యాప్తి ఎంత? కౌమారం చివర్లో, గ్రూలిక్–పైల్ లెక్కల ప్రకారం ఒక ప్రామాణిక విచలనం ఏడాది పైచిలుకు ఉంటుంది. మామూలు మాటల్లో చెబితే, నూటికి 95 మందిని కలుపుకోవాలంటే సగటుకు అటు రెండేళ్లు, ఇటు రెండేళ్లు పైనే వదలాలి. 1982లో జయమాల కేసులో సుప్రీంకోర్టు ఎక్స్‌రే వయసుకు రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉంటుందని, ఇది అందరికీ తెలిసిన సంగతేనని చెప్పింది. అప్పటి నుంచి కింది కోర్టుల్లో “రెండేళ్లు” ఒక సూత్రంలా స్థిరపడిపోయింది. న్యాయమూర్తులు లెక్కలు వేసి ఆ అంకెకు వచ్చారని కాదు గాని, అది గణితానికి దగ్గరగానే ఉంది. ఇబ్బంది దాన్ని గోడలా చూడటంలో ఉంది. నూటికి ఐదుగురు ఆ నాలుగేళ్ల పరిధికి కూడా బయట ఉంటారు. ఏ కీలు చూశారు, ఏ దశలో ఉంది, ఆడా మగా అన్నదాన్ని బట్టి పరిధి కుంచించుకుంటుంది, విస్తరిస్తుంది. ఒకే అంకె అన్నిటికీ సరిపోదు.

ఆ రెండేళ్లను ఎటు వేయాలన్నది మరింత ఆసక్తికరమైన ప్రశ్న. నిందితుడే తాను బాలుణ్నని చెప్పుకుంటే, అనుమానపు లాభం అతనికి ఇచ్చి తక్కువ వయసు వైపు మొగ్గుతారు. అమ్మాయి మైనరా కాదా అన్నది తేల్చాల్సిన కేసులోనూ అనుమానపు లాభం నిందితుడిదే, కానీ అప్పుడు ఆ అమ్మాయి వయసును ఎక్కువ వైపు తీసుకోవాల్సి వస్తుంది. 2018లో సుప్రీంకోర్టు హిమాచల్ ప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే బాటలో నడిచింది. 2024లో ఢిల్లీ హైకోర్టు పోక్సో కేసుల్లో నివేదిక ఇచ్చిన పరిధిలోని పైఅంకె తీసుకుని, దానిపైన మరో రెండేళ్లు కూడా కలపాలంది. ఫలితంగా ఒకే రకం ఎక్స్‌రే ఒక కేసులో 16గానూ మరో కేసులో 20గానూ చదవబడుతుంది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ఎముక చెప్పింది పరిధి. ఆ పరిధిలో ఎక్కడ నిలబడాలో, తప్పు జరిగితే ఆ నష్టం ఎవరు భరించాలో చెప్పేది న్యాయం. వైద్యుడు ఆ రెండో పని తన మీద వేసుకుని “18” అని ఒక్క అంకె రాసేస్తే, అతను శాస్త్రం పేరుతో తీర్పు రాసినట్టే. అయితే కాగితం లేని పేదింటి అమ్మాయికే ఈ పై అంకె ఎక్కువగా తగులుతుందన్న సంగతి మరవకూడదు. జనన ధ్రువపత్రం ఉన్న అమ్మాయి విషయంలో ఈ చర్చే రాదు.

ఇంత అనిశ్చితి ఉన్నప్పుడు పరీక్షనే మానేస్తే పోదా? పోదు. అది కొన్ని ప్రశ్నలకు బాగా జవాబిస్తుంది, ఏ ప్రశ్న అడగాలో తెలియాలి అంతే. “ఈ మనిషి వయసెంత?” అన్నదానికి దాని జవాబు వదులుగా ఉంటుంది. “ఈ మనిషికి 18 నిండలేదనడం సాధ్యమేనా?” అన్నదానికి కొన్నిసార్లు చాలా గట్టిగా ఉంటుంది. జర్మనీలో న్యాయవైద్యులు జత్రుక చివరను సీటీ స్కాన్‌లో చూసి దశలుగా విభజించారు. మూడో దశ ఆఖరి మెట్టు, అంటే ముక్క చాలావరకు అతుక్కుని కొద్ది సందు మాత్రం మిగిలిన స్థితి, వాళ్ల నమూనాల్లో 19 ఏళ్లు నిండనివాళ్లలో కనబడలేదు. అక్కడ వాళ్లు సగటు వయసు చెప్పరు, ఆ దశలో కనిపించిన అతి చిన్న వయసు చెబుతారు. కనీసం ఇంత ఉంటుంది, పైన ఎంతైనా ఉండొచ్చు అని. ఆటల్లోనూ ఇదే తర్కం. 2009 నుంచి ఫిఫా అండర్-17 పోటీల్లో మగపిల్లల మణికట్టును ఎంఆర్‌ఐతో చూస్తున్నారు, 17 నిండనివారిలో పూర్తిగా అతుక్కున్న మణికట్టు ఒక శాతం కన్నా తక్కువ మందిలోనే కనిపిస్తుంది కాబట్టి. ఆ పరీక్షలో 19 ఏళ్లవాళ్లు కొందరు ఎదుగు పొర మూసుకోకపోవడం వల్ల జారుకుంటారు. ఫుట్‌బాల్‌కు అది సహించదగిన లోపం. జైలు విషయంలో సహించదగినదా అన్నది వేరే లెక్క.

ఈ తర్కం తిరగేసినా పనిచేస్తుందనుకుంటేనే ప్రమాదం. మణికట్టు పూర్తిగా అతుక్కుని ఉందంటే 17 కావచ్చు, 45 కావచ్చు. ఆ కీలు తన చివరి మాట చెప్పేసి ఊరుకుంది. దశాబ్దాల కిందటి నేరానికి శిక్ష పడ్డవాళ్లు, అప్పుడు మేం బాలురమని ఎముకల పరీక్ష కోరిన ఒక కేసులో 2016లో సుప్రీంకోర్టు ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. ముప్పై దాటినవాడి ఎముకలో అతనికి 18 ఎప్పుడు నిండిందో రాసి ఉండదు.

పన్ను, కంప్యూటర్, డీఎన్ఏ

ఇప్పుడు కొత్త పరికరాలు వచ్చాయి కదా, ఇవన్నీ పాత బాధలు కదా అన్న అభ్యంతరం మిగిలింది. పరికరాలు వచ్చిన మాట నిజం. 2017లో ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం పన్నెండు వేల పైచిలుకు పిల్లల చేతి ఎక్స్‌రేలు ఇచ్చి కంప్యూటర్లకు పోటీ పెట్టింది. గెలిచిన ప్రోగ్రాము తేడా సగటున నాలుగు నెలల పైచిలుకు మాత్రమే. వినడానికి అద్భుతం. కానీ ఆ నాలుగు నెలల తేడా దేనితో పోల్చి? పిల్లల పుట్టినరోజుతో కాదు, అనుభవజ్ఞులైన రేడియాలజిస్టులు ఆ ఎక్స్‌రే చూసి ఇచ్చిన ఎముక వయసుతో. అంటే కంప్యూటర్ దశను రేడియాలజిస్టంత బాగా, అలసిపోకుండా చదవగలదు. దశకూ తేదీకీ మధ్య ఉన్న దూరం ఎంత ఉందో అంతే ఉంది. ఎంఆర్‌ఐ వల్ల రేడియేషన్ తప్పుతుంది, ఆరోగ్యవంతుడైన పిల్లవాడిని చికిత్స అవసరం లేకుండా స్కాన్ చేస్తున్నప్పుడు అది చిన్న సంగతి కాదు. చిత్రం స్పష్టంగానూ వస్తుంది. కానీ చిత్రంలో మసక వేరు, మనుషుల మధ్య తేడా వేరు. మొదటిది పరికరం తగ్గిస్తుంది, రెండోది ప్రకృతిది. డీఎన్ఏ మీద వయసుతో పాటు చేరే రసాయన గుర్తులను చదివే పద్ధతి 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. అందులోనూ మధ్యస్థ తేడా 3.6 ఏళ్లు వచ్చింది. తర్వాత వచ్చినవి మెరుగుపడ్డాయి గాని, 18 గీతకు ఇటా అటా అన్నది తేల్చేంతగా ఇంకా కాదు.

అసలైన మేలు ఒకదానితో ఒకటి సంబంధం తక్కువ ఉన్న సాక్ష్యాలను కలపడంలో ఉంది. పంటి ఎదుగుదల హార్మోన్ల మాట, ఆకలి మాట ఎముక విన్నంతగా వినదు. ఇంగ్లండులో ఈ సంగతి చాలా ముందే గమనించారు. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం తొమ్మిదేళ్లు నిండని పిల్లలను పనిలో పెట్టుకోకూడదంది, పుట్టిన తేదీ నమోదు మాత్రం ఇంకా లేదు. ఎత్తు చూసి అంచనా కట్టేవారు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంత వైద్యుడు ఎత్తు కన్నా పళ్లు నమ్మదగినవని పిల్లల నోళ్లు పరీక్షించి చూపించాడు. ఈ రోజున జ్ఞానదంతం వేరు ఎంతవరకు పూర్తయిందో చూడటం కూడా పరీక్షలో భాగం. పన్నూ, మణికట్టూ, జత్రుకా మూడూ ఒకే వైపు చూపితే నమ్మకం పెరుగుతుంది. వేర్వేరు వైపులు చూపితే, ఆ విభేదాన్నే నివేదికలో రాయాలి, సగటు తీసి దాచేయకూడదు.

పేరు తెలియని అస్థిపంజరం దగ్గర ఇవే ఎముకలు ఎంత బాగా పనిచేస్తాయో చూస్తే ఈ వాదన మరింత స్పష్టమవుతుంది. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల అవశేషాలు 1954లో తిరిగివచ్చాక, వాటిని గుర్తించే పనిలోనే మెకెర్న్, స్టూవర్ట్ అనే ఇద్దరు 1957లో యువకుల ఎముకల మార్పుల మీద ఒక ప్రామాణిక అధ్యయనం వెలువరించారు. అక్కడ “19 నుంచి 24” అన్న పరిధి చాలు, ఎందుకంటే తప్పిపోయినవారి జాబితా చేతిలో ఉంది. ఎత్తు, పళ్ల రికార్డు, ఎముక విరిగిన పాత గుర్తులతో కలిపి ఆ పరిధి వేల పేర్లను పదులకు తగ్గిస్తుంది. బతికి ఉండి బోనులో నిలబడ్డ కుర్రాడి విషయంలో ఎముక పనితనం అంతే. కానీ అతన్ని పోల్చి చూసే జాబితా లేదు, ఒక్క గీత ఉంది, పరిధి ఆ గీతకు రెండు వైపులా పరుచుకుని ఉంటుంది.

కాబట్టి ఎముకల నివేదిక చేతికొచ్చిన లాయరు గాని, విలేకరి గాని, తల్లిదండ్రులు గాని అందులో వెతకాల్సింది అంకె ఒక్కటే కాదు. ఏయే కీళ్లు చూశారు, ఒక్క మణికట్టుతో సరిపెట్టారా? ఒక్కో కీలు ఏ దశలో ఉంది? ఏ పిల్లల పటంతో పోల్చారు? కనీస వయసు ఎంతన్నారు, పరిధి ఎంతన్నారు, ఎదుగుదలను ఆపే జబ్బులు ఉన్నాయేమో చూశారా? “ఎక్స్‌రే ప్రకారం వయసు 18–19” అని ఒకే వరుసలో ముగిసే కాగితం దొరికితే, దాన్ని రాసిన వైద్యుణ్ని సాక్షిగా పిలిపించి ఈ ప్రశ్నలన్నీ అడిగే హక్కు ఇరుపక్షాలకూ ఉంది.